ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి క్లోరిన్ దానంతట అదే పడేలా చేయడం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో ఇంటి మీద నీళ్ల ట్యాంకుకి ఆటోమేటిక్ మోటారు కంట్రోలర్ ఎలా పనిచేస్తుందో మాట్లాడుకున్నాం కదా. ఈ రోజు టాపిక్ దానికి చుట్టమే, కానీ దానికంటే కాస్త ప్రమాదకరమైన చుట్టం. ట్యాంకు కంట్రోలర్ తప్పు చేస్తే నీళ్లు పొంగి మేడ మీద నుంచి కారతాయి, అంతే. ఈ రోజు మనం చెప్పుకునే సిస్టమ్ తప్పు చేస్తే పిల్లల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బ తింటాయి. అందుకే ఇది కాస్త నిదానంగా, లెక్కలతో సహా చెప్తాను. ఎపిసోడ్ మొత్తం టెక్స్ట్ రూపంలో ఇక్కడ ఇస్తున్నాం, లెక్కలు కావాలంటే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోండి.

హైదరాబాద్ చుట్టూ, అంటే మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో చిన్న చిన్న పూల్స్ చాలా కనిపిస్తాయి. మా పెదనాన్న వాళ్లకీ ఒకటి ఉంది. వీటిలో చాలావాటి కథ ఒకేలా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా దిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఎండ దంచుతుంది, నీళ్లలో క్లోరిన్ సున్నాకి వస్తుంది, నీళ్లు పచ్చబడటం మొదలవుతాయి. శుక్రవారం సాయంత్రం ఓనర్ ఫోన్ చేసి "రేపు పిల్లలు వస్తున్నారు, మందు వేసెయ్" అంటాడు. కేర్‌టేకర్ అన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని, పౌడర్ మగ్గుతో తీసి చల్లేస్తాడు. ఎంత వేశాడో ఆయనకీ తెలియదు, ఓనర్‌కీ తెలియదు. శనివారం పొద్దున పిల్లలు కళ్లు ఎర్రగా చేసుకుని బయటికి వస్తారు.

ఇక్కడ సమస్య క్లోరిన్ ఎక్కువా తక్కువా అన్నది కాదు. వారంలో అయిదు రోజులు మరీ తక్కువ, ఒక్క రోజు మరీ ఎక్కువ. రోజూ కొంచెం కొంచెం పడితే ఈ గొడవే ఉండదు. రోజూ, టైముకి, కొలత ప్రకారం చేసే పని మనిషి కంటే మెషీన్ బాగా చేస్తుంది. ఆటోమేషన్ అవసరం అక్కడే వస్తుంది.

అసలు క్లోరిన్ నీళ్లలో ఏం చేస్తుంది?

పూల్‌లో మనం వేసేది పౌడర్ అయినా, లిక్విడ్ అయినా, బిళ్ల అయినా నీళ్లలో కలిశాక పనిచేసేది ఒకటే, హైపోక్లోరస్ యాసిడ్. సూక్ష్మజీవులని చంపేది ఇదే. దీనికి ఒక తమ్ముడు ఉన్నాడు, హైపోక్లోరైట్ అయాన్. పేరుకి ఇద్దరూ క్లోరినే, కానీ తమ్ముడు బద్ధకస్తుడు, చాలా నెమ్మదిగా పనిచేస్తాడు. నీళ్లలో వీళ్లిద్దరూ ఏ నిష్పత్తిలో ఉంటారన్నది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. పీహెచ్ 7.5 దగ్గర దాదాపు సగం సగం. 7.2 దగ్గర మూడింట రెండు వంతులు అన్న ఉంటాడు. అదే 8కి వెళ్తే అన్న వాటా నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే పీహెచ్ పట్టించుకోకుండా క్లోరిన్ మాత్రమే ఆటోమేట్ చేస్తే, మందు పడుతూనే ఉంటుంది కానీ పని సగమే జరుగుతుంది.

క్లోరిన్‌ని మనం పీపీఎంలో కొలుస్తాం. 1 పీపీఎం అంటే 1,000 లీటర్ల నీళ్లలో 1 గ్రాము. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ దీని నుంచే వస్తాయి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేదేంటంటే, పూల్‌లో ఫ్రీ క్లోరిన్ కనీసం 1 పీపీఎం ఉండాలి, స్టెబిలైజర్ వాడితే కనీసం 2 ఉండాలి, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. 10 పీపీఎం దాటితే మాత్రం ఎవరూ దిగకూడదు.

1 పీపీఎం ఉంటే ఏమవుతుంది? ఈ కోలై లాంటి బ్యాక్టీరియా ఒక నిమిషంలోపు చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కి సుమారు పావుగంట పడుతుంది. జియార్డియాకి ముప్పావుగంట. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం మొండిది, అది వారం రోజులకి పైగా బతికే ఉంటుంది. అందుకే విరేచనాలు అవుతున్న పిల్లల్ని పూల్‌లోకి దింపకూడదు అంటారు. ఎంత గొప్ప ఆటోమేషన్ పెట్టినా ఆ రూల్ మారదు.

నీళ్లు తళతళలాడుతున్నాయి కాబట్టి శుభ్రంగా ఉన్నాయి అనుకోకండి. 2024లో కేరళలో మెదడుకి పాకే అమీబాతో పిల్లలు చనిపోయిన వార్తలు మీరు చూసే ఉంటారు. వెచ్చని, క్లోరిన్ లేని నీళ్లు దానికి అనుకూలం, ముక్కులోంచి లోపలికి వెళ్తుంది. సరైన మోతాదులో క్లోరిన్ ఎప్పుడూ ఉండే పూల్‌లో అది నిలవలేదు. "ఎప్పుడూ" అన్న మాటే ముఖ్యం. శనివారం మాత్రమే ఉంటే చాలదు.

ఇంకో అపోహ. "వాసన ఘాటుగా వస్తోంది, క్లోరిన్ బాగా ఎక్కువైంది" అంటారు. చాలాసార్లు నిజం దానికి వ్యతిరేకం. ఆ వాసన క్లోరమైన్లది. చెమట, మూత్రం, సబ్బు లాంటి వాటితో క్లోరిన్ కలిసి వాడిపోయాక మిగిలేవి అవి. కళ్లు మండేది కూడా ఎక్కువగా వాటివల్లే. అంటే చాలాసార్లు వాసన వస్తోందంటే అక్కడ పనిచేసే క్లోరిన్ చాల్లేదని అర్థం.

క్లోరిన్ ఎక్కడికి పోతోంది?

ఆటోమేట్ చేయాలంటే రోజుకి ఎంత ఖర్చవుతోందో తెలియాలి కదా. పూల్‌లో క్లోరిన్‌ని తినేవాళ్లు ఇద్దరు. ఒకటి మురికి, అంటే నాచు, ఆకులు, మనుషులు. రెండోది ఎండ. మన ఏప్రిల్, మే ఎండకి, స్టెబిలైజర్ లేని పూల్‌లో రెండు మూడు గంటల్లోనే చాలా భాగం క్లోరిన్ ఎగిరిపోతుంది. స్టెబిలైజర్ అంటే సయనూరిక్ యాసిడ్. ఇది క్లోరిన్‌కి గొడుగు పట్టినట్టు. 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు.

ఎవరు ఎంత తింటున్నారో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. సూర్యుడు అస్తమించాక క్లోరిన్ కొలవండి. రాత్రంతా ఏమీ వేయకండి. ఉదయం ఎండ పడకముందే మళ్లీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి, తగ్గిందంతా మురికి తిన్నదే. 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గితే పూల్‌లో నాచు గానీ ఇంకేదో గానీ ఉందని అర్థం. ముందు అది శుభ్రం చేయండి. మురికి పూల్‌కి ఆటోమేషన్ పెడితే మందు డబ్బాలు ఖాళీ అవుతాయి తప్ప నీళ్లు బాగుపడవు. రాత్రి పెద్దగా తగ్గకపోతే, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎంత తగ్గుతోందో చూడండి. అది ఎండ ఖర్చు. రెండూ కలిపితే మీ పూల్ రోజు ఖర్చు.

ఇప్పుడు లెక్క. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు ఉన్న పూల్ తీసుకుందాం. 8 ఇంటూ 4 ఇంటూ 1.25 అంటే 40 ఘనపు మీటర్లు, అంటే 40,000 లీటర్లు. 1 పీపీఎం పెంచడానికి 40 గ్రాముల క్లోరిన్ కావాలి. 10 శాతం సోడియం హైపోక్లోరైట్ లిక్విడ్‌లో లీటరుకి సుమారు 100 గ్రాములు ఉంటుంది. అంటే 400 మిల్లీలీటర్లు. మన పూల్ రోజుకి 2.5 పీపీఎం తింటోంది అనుకోండి, 100 గ్రాములు, అంటే రోజుకి ఒక లీటరు హైపో. గుర్తుంచుకోండి, 40,000 లీటర్ల పూల్‌కి రోజుకి లీటరు. మీ పూల్ ఖర్చు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

మూడు దారులు

ఆటోమేట్ చేయడానికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది బిళ్లల ఫీడర్. ట్రైక్లోర్ బిళ్లలు ఒక డబ్బాలో వేసి, నీళ్లు దాని గుండా వెళ్లేలా పెడతారు, బిళ్లలు మెల్లగా కరుగుతాయి. కరెంటు అక్కర్లేదు, వైరింగ్ అక్కర్లేదు. మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? ఎందుకంటే ట్రైక్లోర్‌లో స్టెబిలైజర్ కలిసే ఉంటుంది. ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 6 పీపీఎం సయనూరిక్ యాసిడ్ నీళ్లలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, అది మాత్రం ఖర్చవదు. మన లెక్క ప్రకారం రోజుకి 2.5 అంటే నెలకి 75 పీపీఎం క్లోరిన్. దాంతో పాటు నెలకి 45 పీపీఎం స్టెబిలైజర్. రెండు నెలల్లో 90. ఇందాక 30 నుంచి 50 చాలన్నాం కదా. గొడుగు మరీ పెద్దదైతే క్లోరిన్ దాని కిందే కూర్చుంటుంది, పనికి రాదు. అప్పుడు టెస్ట్‌లో 2 పీపీఎం చూపిస్తుంది, నీళ్లు మాత్రం పచ్చబడతాయి. దాన్ని తగ్గించడానికి మన చేతిలో ఉన్న దారి కొంత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయడమే. ట్యాంకర్లు కొనుక్కునే చోట అదెంత ఖర్చో మీకు చెప్పక్కర్లేదు. పైగా ట్రైక్లోర్ పీహెచ్‌ని కిందికి లాగుతుంది.

రెండోది సాల్ట్ క్లోరినేటర్. పూల్‌లో ఉప్పు వేసి, ఆ నీళ్లని కరెంటు పారే టైటానియం పలకల మధ్య నుంచి పంపిస్తారు. ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా మారుతుంది. పని అయిపోయాక మళ్లీ క్లోరైడ్ అవుతుంది. అందుకే ఉప్పు పెద్దగా తరగదు, బ్యాక్‌వాష్‌లో, నీళ్లు పొర్లినప్పుడు పోయిందే పోవడం. సాధారణంగా 3,000 నుంచి 4,000 పీపీఎం ఉప్పు అడుగుతారు. 3,500 అనుకుంటే మన 40,000 లీటర్లకి 140 కిలోలు, అంటే దాదాపు మూడు 50 కిలోల బస్తాలు. గంటకి 10 గ్రాములు తయారుచేసే సెల్ అయితే మన 100 గ్రాములకి రోజుకి 10 గంటలు నడవాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. చిన్న సెల్ కొని మోటారు 4 గంటలు తిప్పితే చాలదు.

"సాల్ట్ పూల్ అంటే క్లోరిన్ లేని పూల్" అని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి. అది కూడా క్లోరిన్ పూలే, కాకపోతే ఫ్యాక్టరీ మీ ఇంట్లోనే ఉంది. మన దగ్గర ఇంకో ఇబ్బంది బోరు నీళ్లు. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకుంటుంది చూశారా, అదే ఈ పలకల మీద కూడా పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో అప్పుడప్పుడు పలుచటి యాసిడ్‌తో కడగాలి. పైగా సాల్ట్ సిస్టమ్‌లో పీహెచ్ పైకి పోతూ ఉంటుంది, దాన్ని చూసుకుంటూ ఉండాలి.

మూడోది లిక్విడ్ డోసింగ్ పంపు. నాకు ఇంటి పూల్‌కి ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ప్రతి చుక్కా లెక్కలో ఉంటుంది. దీనికి వాడేది పెరిస్టాల్టిక్ పంపు. మెత్తటి రబ్బరు ట్యూబ్‌ని రోలర్లు నొక్కుతూ తిరుగుతాయి. ఆవు పొదుగు పిండినట్టు, ట్యూబ్‌లో ఉన్న ద్రవం ముందుకి పోతుంది. మందు ట్యూబ్‌ని తప్ప దేన్నీ తాకదు కాబట్టి తుప్పు సమస్య తక్కువ. ట్యూబ్ అరిగిపోతుంది, కంపెనీ చెప్పిన గడువుకి మార్చాలి.

పంపు మీద "గంటకి 1.5 లీటర్లు" అని రాసి ఉన్నా గుడ్డిగా నమ్మకండి. కొలత గీతలున్న జార్‌లో మామూలు నీళ్లు పోసి 10 నిమిషాలు నడపండి. 250 మిల్లీలీటర్లు తగ్గాయా, అప్పుడు నిజంగా 1.5 లీటర్లే. మనకి రోజుకి ఒక లీటరు కావాలి, అంటే 40 నిమిషాలు. దాన్ని ఒకేసారి కాకుండా 10 నిమిషాల చొప్పున నాలుగు సార్లు పెట్టండి, మోటారు నడిచే టైములోనే.

అసలు ప్రాణం ఎక్కడుంది?

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఇంతవరకూ చెప్పినవి తప్పయితే డబ్బు పోతుంది. ఇప్పుడు చెప్పేది తప్పయితే మనిషి పోవచ్చు.

మన ఫిల్టర్ మోటారు గంటకి 10,000 లీటర్లు తిప్పుతోంది అనుకోండి. దాంట్లోకి గంటకి 1.5 లీటర్ల హైపో, అంటే 150 గ్రాముల క్లోరిన్ వెళ్తోంది. పైపు నుంచి పూల్‌లోకి వచ్చే నీళ్లలో 15 పీపీఎం ఉంటుంది, రాగానే 40,000 లీటర్లలో కలిసిపోతుంది. ఫర్వాలేదు. ఇప్పుడు కరెంటు పోయి మోటారు ఆగింది, డోసింగ్ పంపు మాత్రం ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి నడుస్తూనే ఉంది. నీళ్లు కదలడం లేదు. చిక్కటి హైపో అలాగే పైపులో పేరుకుంటుంది. కరెంటు రాగానే మోటారు ఆ మొత్తాన్ని ఒక్క తన్నుతో పూల్‌లోకి కొడుతుంది. ఆ రిటర్న్ ముందు ఒక పిల్లాడు ఆడుకుంటూ ఉంటే?

పీహెచ్ తగ్గించడానికి యాసిడ్ కూడా ఇంకో పంపుతో అదే పైపులోకి వెళ్తుంటే పరిస్థితి ఇంకా ఘోరం. హైపో, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. 2015లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీలో ఒక పూల్‌లో ఇలాగే జరిగింది. నీళ్లు తిప్పే పంపు ఆగిపోయినా మందుల పంపులు ఆగలేదు. ఆ గ్యాస్‌కి 30 మందికి పైగా అస్వస్థులయ్యారు.

అందుకే నా రూల్స్ ఇవి.

ఒకటి. డోసింగ్ పంపుకి కరెంటు ఫిల్టర్ మోటారు స్టార్టర్ కాంటాక్టర్ తర్వాత నుంచే రావాలి. మోటారుకి కరెంటు లేకపోతే డోసింగ్ పంపుకీ ఉండకూడదు. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టనే వద్దు.

రెండు. అది ఒక్కటే చాలదు. మోటారు తిరుగుతూ ఉండొచ్చు, కానీ గాలి పట్టేసి గానీ, ఎవరో వాల్వ్ మూసేసి గానీ నీళ్లు కదలకపోవచ్చు. అందుకే పైపులో ఫ్లో స్విచ్ పెట్టాలి. నీళ్లు నిజంగా పారుతుంటేనే అది ఆన్ అవుతుంది. ఈ రెండు తాళాలూ వరుసగా ఉండాలి, రెండూ తెరుచుకుంటేనే మందు పడాలి. ఇవి వైర్లలోనే ఉండాలి, యాప్‌లో కాదు.

మూడు. మందు డబ్బా చిన్నది పెట్టండి. 50 లీటర్ల క్యాన్‌కి నేరుగా ట్యూబ్ పెట్టకండి. 3 లీటర్ల డబ్బా పెట్టారనుకోండి. రిలే అతుక్కుపోయి పంపు రోజంతా నడిచినా పడేది 300 గ్రాములు, మన పూల్‌లో 7.5 పీపీఎం. ముందే 2 ఉంటే 9.5. ఇంకా 10 దాటలేదు. సాఫ్ట్‌వేర్, సెన్సర్, రిలే అన్నీ పాడైనా డబ్బా సైజు మాత్రం పాడవదు. మూడు రోజులకోసారి నింపాలి, నిజమే. ఆ వంకతో ఎవరో ఒకరు వెళ్లి పూల్‌ని చూస్తారు, అదీ మంచిదే.

నాలుగు. మందు లోపలికి వెళ్లే చోటు ఫిల్టర్ తర్వాత, హీటర్ ఉంటే దాని తర్వాత, పూల్‌కి వెళ్లే లైన్‌లో ఉండాలి. అక్కడ నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి, లేకపోతే పైపులో నీళ్లు వెనక్కి డబ్బాలోకి రావచ్చు, లేదా మందు దానంతట అదే సైఫన్ అయిపోవచ్చు.

అయిదు. ఇంటి పూల్‌లో యాసిడ్‌ని ఆటోమేట్ చేయకండి. వారానికి ఒకటి రెండుసార్లు పీహెచ్ చూసి, మోటారు నడుస్తుండగా, పూల్‌లో ఎవరూ లేనప్పుడు చేత్తో వేస్తే చాలు. యాసిడ్ క్యాన్, హైపో క్యాన్ ఒకే మూల పెట్టకండి. రెండింటికీ ఒకే మగ్గు వాడకండి. ట్రైక్లోర్ బిళ్లలు వేసిన ఫీడర్‌లో కాల్షియం హైపో పౌడర్ వేశారంటే మంటలు రావచ్చు, పేలొచ్చు కూడా. ఈ నాలుగు మాటలూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పంపు రూమ్ గోడకి అంటించండి. ఇంగ్లీష్ లేబుల్ చదవలేని మనిషి చేతికి ఆ క్యాన్ ఇస్తున్నాం మనం.

ఆరు. తడి చోటు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ లేకుండా ఒక్క వైరు కూడా లాగకండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఫోన్‌తో కంట్రోల్ చేయొచ్చా?

మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే అని తెలుసు. చేయొచ్చు. కానీ ఫోన్ స్టీరింగ్ కాకూడదు, స్పీడోమీటర్ అవ్వాలి. అంటే ఫోన్‌లో చూడండి, నిర్ణయం మాత్రం పూల్ దగ్గరున్న డబ్బాలోనే జరగాలి.

స్మార్ట్ ప్లగ్ వాడేవాళ్లు ఒక సెట్టింగ్ తప్పకుండా చూడండి. కరెంటు పోయి వచ్చాక ప్లగ్ ఏ స్థితిలో ఉండాలి అని అడుగుతుంది. "ఆఫ్" పెట్టండి. కొన్నిట్లో ముందే "పాత స్థితి" అని ఉంటుంది, అంటే డోసింగ్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఆన్‌లోనే ఉంటుంది. ఆపాల్సిన టైము ఈలోపు దాటిపోయి ఉంటే ఆపేవాళ్లు ఎవరు?

మామూలు మెకానికల్ టైమర్ వాడితే ఇంకో చిక్కు. కరెంటు పోయినంతసేపూ అది కూడా ఆగిపోతుంది. రోజుకి గంట కోత ఉంటే వారంలో 7 గంటలు వెనకపడుతుంది. పొద్దున పడాల్సిన డోసు మధ్యాహ్నం పిల్లలు ఈదే టైముకి వస్తుంది. బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమర్ కొనండి.

ఈఎస్‌పీ32 బోర్డుతో సొంతంగా చేసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండు విషయాలు చూసుకోండి. బోర్డు బూట్ అయ్యేటప్పుడు కొన్ని పిన్‌లు క్షణం పాటు ఆన్ అవుతాయి, రిలే టిక్ అంటుంది. అలాంటి పిన్‌కి పంపు రిలే తగిలించకండి. రెండోది, కోడ్‌లో రోజుకి గరిష్ఠంగా ఎన్ని నిమిషాలు అన్న లిమిట్ పెట్టి, ఇప్పటిదాకా ఎన్ని నిమిషాలు నడిచిందో మెమరీలో దాచండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. వైఫై లేకపోయినా అంతా నడవాలి. నెట్ పోతే పోయేది మీకు వచ్చే మెసేజ్ మాత్రమే అవ్వాలి.

ఓఆర్‌పీ సెన్సర్ గురించి

టైమర్ గుడ్డిది. నిన్న వాన పడిందో, ఇవాళ ఇరవై మంది దిగారో దానికి తెలియదు. అందుకే కొందరు ఓఆర్‌పీ సెన్సర్ పెడతారు. ఇది నీళ్లకి ఎంత చంపే శక్తి ఉందో మిల్లీ వోల్ట్లలో చెప్తుంది. సాధారణంగా 650 నుంచి 750 మధ్య ఉంచుతారు. కానీ ఇది పీపీఎం కొలవదు. పీహెచ్ పెరిగినా, స్టెబిలైజర్ పెరిగినా రీడింగ్ పడిపోతుంది. కాబట్టి ఎవరో చెప్పిన నంబర్ కాపీ కొట్టకండి. మీ పూల్‌లో పీహెచ్ సరిచేసి, క్లోరిన్ 2, 3 పీపీఎం మధ్య పెట్టి, అప్పుడు సెన్సర్ ఎంత చూపిస్తోందో అదే మీ టార్గెట్.

ఇంకోటి, మందు పడగానే సెన్సర్‌కి తెలియదు, నీళ్లన్నీ కలవాలి. కూరలో ఉప్పు వేసి, కలపకుండానే రుచి చూసి, చప్పగా ఉందని మళ్లీ వేస్తే ఏమవుతుంది? అదే ఇక్కడా. కొంచెం వేయాలి, కలిసే దాకా ఆగాలి, మళ్లీ చూడాలి. సెన్సర్ మీద పొర పట్టి తక్కువ చూపించడం మొదలుపెడితే, కంట్రోలర్ ఆపకుండా వేస్తూనే ఉంటుంది. రోజు లిమిట్, చిన్న డబ్బా అప్పుడే మనల్ని కాపాడతాయి.

మనిషి చేయాల్సిన పని

ఆటోమేషన్ అంటే మనిషి అక్కర్లేదని కాదు. మగ్గుతో చల్లే పని పోయి కొలిచే పని వస్తుంది, అంతే. వారానికి రెండుసార్లయినా చేత్తో టెస్ట్ చేయాలి. పసుపు రంగు వచ్చే ఓటీఓ చుక్కలు మొత్తం క్లోరిన్ చూపిస్తాయి, వాడిపోయింది కూడా కలిపి. మనకి కావాల్సింది ఫ్రీ క్లోరిన్, దానికి గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ వాడండి.

డీపీడీలో ఒక మోసం ఉంది, ఇది చాలామందికి తెలియదు. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగునే అది తెల్లబరిచేస్తుంది. ట్యూబ్‌లో రంగు రాదు. "అయ్యో, సున్నా ఉంది" అని ఇంకో లీటరు పోస్తారు. రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైనా, అనుమానం వచ్చినా, ఒక వంతు పూల్ నీళ్లలో తొమ్మిది వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపి మళ్లీ టెస్ట్ చేయండి. వచ్చిన దాన్ని 10తో గుణించండి.

హైపో కూడా నిలవ ఉండే సరుకు కాదు. ఎండలో, వేడి రూమ్‌లో పెడితే బలం పోతుంది. ఏప్రిల్‌లో 10 శాతం అని కొన్న క్యాన్ మే చివరికి అదే 10 ఉండదు. అదే నిమిషాలు నడుస్తున్నా రీడింగ్ తగ్గుతోందంటే ముందు మందు పాతబడిందేమో చూడండి. నీడలో పెట్టండి, నెలకి సరిపడా మాత్రమే కొనండి. ఇన్వర్టర్, ప్యానెల్ బోర్డు ఉన్న రూమ్‌లో మాత్రం పెట్టకండి, ఆ ఆవిరికి రాగి తీగలు తుప్పు పట్టిపోతాయి.

మా పెదనాన్న వాళ్ల పూల్‌లో ఇప్పుడు నడుస్తున్నది చాలా సాదా సిస్టమ్. 3 లీటర్ల డబ్బా, ఒక పెరిస్టాల్టిక్ పంపు, ఫ్లో స్విచ్, బ్యాటరీ ఉన్న టైమర్. ఓఆర్‌పీ పెట్టలేదు. వారానికి రెండుసార్లు కేర్‌టేకర్ అన్న టెస్ట్ ట్యూబ్ ఫొటో తీసి వాట్సాప్ చేస్తాడు, రంగుని బట్టి నిమిషాలు మారుస్తాం. ఇప్పుడాయన కొలిచాకే డబ్బా నింపుతున్నాడు. మొన్న పెదనాన్న ఫోన్ చేసి "రేపు చుట్టాలొస్తున్నారు, ఇంకాస్త వేసెయ్" అంటే, "అక్కర్లేదు సార్, రెండున్నర ఉంది" అన్నాడు. ఈ సిస్టమ్‌లో నాకు బాగా నచ్చిన పార్ట్ అదే.

మీ ఇంట్లో పూల్ లేకపోవచ్చు. కానీ మీ అపార్ట్‌మెంట్‌లోనో, వీకెండ్ బుక్ చేసుకునే రిసార్ట్‌లోనో ఉంటుంది. దిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు క్లోరిన్ ఎంత, పీహెచ్ ఎంత? బోర్డు మీద రాసి ఉంటే మంచిది. అడిగితే వెంటనే చెప్పినా మంచిదే. "నీళ్లు క్లీన్‌గానే ఉన్నాయి సార్" అన్నది మాత్రం సమాధానం కాదు. ఆ మాట వింటే ఒడ్డున కూర్చుని కాఫీ తాగండి.

వచ్చే ఎపిసోడ్‌లో తాగే నీళ్ల ట్యాంకుకి క్లోరిన్ ఎంత వేయాలి, ఎలా లెక్కకట్టాలి అన్నది చూద్దాం. అది ప్రతి ఇంటికీ పనికొచ్చే విషయం. అంతవరకూ సెలవు.